కుట్టు గది సర్దుకుని తిరిగి బొంత పనికి కూర్చోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత చీరలను పొరలు పొరలుగా పరిచి, దబ్బనంతో దూర కుట్టు వేసి బొంత తయారుచేయడం నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మన పెద్దవాళ్లందరికీ వచ్చిన పని. ఆ పనినే ఈనాడు చాలామంది మిషను మీద, రంగుల లెక్క చూసుకుంటూ, అతుకుల బొంతలుగా కుడుతున్నారు. ఇష్టంగా మొదలుపెట్టి, ఏదో ఒక నెలలో ఆపి, మళ్లీ ఆ గదిలోకి పోవడానికే మనసు రావడం లేదని చెప్పే ఆడవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కుర్చీలో కూర్చున్న క్షణానికీ మొదటి కుట్టు పడే క్షణానికీ మధ్య ఎన్ని అడ్డంకులు ఉంటే పని అన్ని రోజులు వాయిదా పడుతుందని నేను గట్టిగా నమ్ముతాను, కింది జవాబులన్నీ ఆ నమ్మకం మీద రాసినవే.

గది సర్దుకుంటే కుట్టాలన్న ఉత్సాహం నిజంగా తిరిగి వస్తుందా?

చాలామందికి వస్తుంది, ఎందుకంటే చాలామందిలో ఉత్సాహం పోలేదు, దాని దారి మూసుకుపోయింది. మీ మిషను మీద ఈ క్షణాన ఏమేమి ఉన్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఫాల్ కుట్టించుకోవడానికి పక్కింటివాళ్లు ఇచ్చి పోయిన చీర, పిల్లల బడి సంచి, కరెంటు బిల్లు, ఇస్త్రీకి వేయవలసిన బట్టలు ఉంటాయి. వాటిని మంచం మీదికి మార్చి, కత్తెర వెతికి, బాబిన్‌లో దారం అయిపోయిందని తెలుసుకుని, దానికి సరిపోయే రంగు దారం రీలు దొరక్క మూడు డబ్బాలు తిరగేసేసరికి అరగంట గడుస్తుంది, ఈలోగా కుక్కర్ కూత వేస్తుంది. ఇలా నాలుగు రోజులు జరిగితే అయిదో రోజు మనసు ఆ వైపు పోవడం మానేస్తుంది. దానిని మనం బద్ధకం అనుకుని మనల్ని మనమే తిట్టుకుంటాం. బల్ల ఖాళీగా, మిషనుకు దారం ఎక్కించి, పక్కన కత్తిరించిన ముక్కలు దొంతరగా పెట్టి ఉంటే, పావుగంట సమయం చిక్కినా ఒక వరుస కుట్టు పూర్తవుతుంది. ఆ ఒక్క వరుస రేపటి వరుసను అడుగుతుంది.

అయితే ఇంట్లో జబ్బో, దుఃఖమో, తీరని అలసటో ఉండి చేయి ఆగితే, దానికి గది సర్దడం మందు కాదు. అటువంటప్పుడు మిషనుకు గుడ్డ కప్పి కొన్నాళ్లు వదిలేయడమే మంచిది.

మాకు విడిగా కుట్టు గది లేదు, వరండాలో ఒక మూల మాత్రమే ఉంది. ఈ మాటలు మాకు వర్తిస్తాయా?

గది ఉన్నవాళ్లకంటే మీకే ఎక్కువగా వర్తిస్తాయి. మిషను, ఒక సందూక, గోడకు ఒక అలమార ఉంటే బొంత పనికి సరిపోతుంది. చిన్న చోటులో పాటించవలసిన నియమం ఒకటే: ఆ మూలలో కుట్టుపనికి సంబంధం లేని వస్తువు ఒక్కటి కూడా రాత్రికి మిగలకూడదు. వరండా అయితే దుమ్ము, ఎండ రెండూ పడతాయి కాబట్టి మిషనుకు మందపాటి నూలు గుడ్డతో గలీబు కుట్టి తొడగండి, గుడ్డలను మాత్రం లోపలి అర్రలోనే ఉంచండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోతున్నాను. మొదటి పని ఏది?

దసరాకు ఇల్లు దులిపినట్టు అంతా ఒకేసారి బయట వేయకండి. సందూకలోనివన్నీ నేల మీద కుప్ప పోస్తే, సాయంత్రానికి ఆ కుప్పను తిరిగి లోపల కుక్కడం తప్ప దారి ఉండదు, ఆ ఒక్క అనుభవంతో మరో ఆరు నెలలు గది తలుపు తెరవబుద్ధి కాదు.

మొదట మిషను బల్ల ఒక్కటే ఖాళీ చేయండి. దాని మీద ఉన్నవాటిని ఆలోచించకుండా ఒక తట్టలో వేసి పక్కన పెట్టండి, బల్ల తుడవండి, మిషనుకు దారం ఎక్కించి ఒక పనికిరాని గుడ్డ మీద పది కుట్లు వేసి చూడండి. మొదటి రోజుకు అంతే. రెండో రోజు నేల: గుండుసూదులు, దారపు పోగులు, పేలికలు ఏరి, నేల మీద ఒక దుప్పటి పూర్తిగా పరవడానికి వీలయ్యేటంత చోటు చేయండి, ఎందుకంటే బొంత పొరలు పరిచేది అక్కడే. గుండుసూదులకు ఒక అయస్కాంతం ముక్కను దారానికి కట్టి నేల మీద ఈడిస్తే పిల్లల కాళ్లకు భయం ఉండదు. అలమార, సందూక, సజ్జ మీది మూటలు అన్నీ ఆ తర్వాతే, రోజుకు ఒక్క అర చొప్పున.

గుడ్డ ముక్కల్లో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

కొలత పెట్టుకుంటే ఈ ప్రశ్న సులభమవుతుంది. అతుకుకు నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది కాబట్టి, 2 అంగుళాల ముక్క కుట్టిన తర్వాత ఒకటిన్నర అంగుళమే కనిపిస్తుంది. అంతకంటే చిన్నవి నేను ఉంచను. వాటిని ఒక సంచిలో వేస్తూ పోతే దిండులోకి, సూదులు గుచ్చుకునే మెత్తలోకి పనికొస్తాయి. 2 నుంచి 5 అంగుళాల ముక్కలు ఒక డబ్బాలోను, అంతకంటే పెద్దవి రంగుల వారీగా మడిచి అలమారలోను ఉండాలి. పొడవాటి పట్టీలు ఎంత సన్నవైనా చుట్టలు చుట్టి వేరుగా ఉంచండి, అవి అంచులకు వస్తాయి.

మన ఇళ్లలో అసలు కుప్ప మరొకటి ఉంటుంది: ఒడిబియ్యానికి, పెళ్లిళ్లకు, పేరంటాలకు పెట్టిన జాకెటు ముక్కలు. ఒక్కొక్కటి 80 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, ఏళ్ల తరబడి చేరి ఒక అర నిండిపోతుంది. వీటిలో నూలువి ఏవో, పాలిస్టర్ కలిసినవి ఏవో చేతితో పట్టుకుంటే ప్రతిసారీ తెలియదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, చిమ్టాతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుని గట్టి పూసలా తయారవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ ముక్కలను నూలు బొంతలో కలపవద్దని నా సలహా, ఎందుకంటే నూలు ఉతుకులో ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు, రెండు ఉతుకుల తర్వాత బొంత ఉబ్బెత్తుగా తయారవుతుంది. వాటితో సంచులు, మిషను గలీబులు చక్కగా వస్తాయి.

అమ్మ చీరలు, నాయనమ్మ చీరలు కత్తిరించడానికి చేయి రాదు. పడేయలేను, వాడలేను. ఏం చేయాలి?

ఎక్కువ గదులు ఇక్కడే చిక్కుకుంటాయి. అందుకే ఈ జవాబు కొంచెం పొడవుగా రాస్తాను.

మా నాయనమ్మ సందూక నా దగ్గరికి వచ్చినప్పుడు అందులో పదకొండు నూలు చీరలు ఉన్నాయి. ఆరేళ్లు ఆ మూత తెరవలేదు. తెరిచిన రోజు పైన ఉన్న బచ్చలిపండు రంగు చీరను ఎత్తబోతే, మడత పొడవునా అది నా చేతుల్లోనే చీలిపోయింది. అదే మడతలో అన్నేళ్లు ఉండడం వల్ల మడత గీత మీది పోగులు కొరికినట్టు తెగిపోయాయి, కుచ్చిళ్ల దగ్గరి గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. కత్తెర పెట్టకుండా కాపాడుతున్నానని నేననుకున్న ఆరేళ్లలోనే ఆ చీర పోయింది. ఆ సాయంత్రం దానిలో గట్టిగా ఉన్న భాగం నుంచి ముప్పై ముక్కలు కోసుకున్నాను, అవి ఇప్పుడు మా చెల్లెలి కూతురు కప్పుకునే బొంత నడిమధ్యలో ఉన్నాయి.

ఆ రోజు నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ప్రతి చీరనూ వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. వెలుతురు జల్లెడలో నుంచి వచ్చినట్టు వస్తే గుడ్డ జీర్ణించిపోయినట్టు లెక్క, దానిని పై పొరకు వాడకుండా మధ్య పొరలో పరవండి. గట్టిగా ఉన్నదాన్ని పై పొరకు తీసుకోండి. ఎవరి జ్ఞాపకమైనా పూర్తి చీరగా ఉంచుకోదలిస్తే ఒక్కరిది ఒక్క చీర ఉంచుకోండి, దానిని మూడు నెలలకొకసారి వేరే గీత మీద మడత మార్చండి. మిగతావాటి నుంచి కొంగు, అంచు తీసి విడిగా భద్రపరిస్తే, ఒంటి గుడ్డను కోయడానికి చేయి అంతగా వణకదు. ఇంట్లోవాళ్లను ముందే అడగడం మరిచిపోకండి, ముఖ్యంగా వదినను, ఆడబిడ్డను. ఆ చీరతో వాళ్లకు ఉన్న సంబంధం మనకు తెలియకపోవచ్చు.

లెక్క కూడా మనకు అనుకూలంగానే ఉంటుంది. అయిదున్నర మీటర్ల చీర సుమారు 216 అంగుళాల పొడవు, 45 అంగుళాల వెడల్పు ఉంటుంది. దానిని సగానికి కోసి రెండు ముక్కలను పక్కపక్కన కలిపి కుడితే 108 అంగుళాల పొడవు, 90 అంగుళాల వెడల్పు వస్తుంది, అంటే ఇద్దరు పడుకునే మంచానికి ఒక పొర. పైకి ఒకటి, కిందికి ఒకటి, మధ్యలోకి జీర్ణించినవి రెండు, మొత్తం నాలుగు చీరలతో ఒక పెద్ద బొంత పూర్తవుతుంది. పదకొండు చీరల బరువు ఒక్కసారిగా దాదాపు మూడు బొంతల పనిగా కనిపించడం మొదలైతే, సందూక చూసినప్పుడు కలిగే భారం వేరుగా ఉంటుంది.

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట గుడ్డలను కలిపి పెట్టవచ్చా, కలిపి కుట్టవచ్చా?

మన పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పరిధిలోనే ఇన్ని రకాల నేత ఉండడం బొంత కుట్టేవాళ్లకు దక్కిన వరం, కానీ ఒక్కోదాని స్వభావం ఒక్కోటి కాబట్టి అలమారలో విడివిడిగా పెట్టాలి. పోచంపల్లి చిటికి (ఇక్కత్) పనిలో నూలును ముందే కట్టి రంగు అద్ది ఆ తర్వాత నేస్తారు. అందువల్ల గుడ్డకు తిరగేసిన వైపు అంటూ ఉండదు, రెండు వైపులా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. ఒక వైపు మరక పడితే రెండో వైపు తిప్పి వాడుకోవచ్చు. బొమ్మ అంచులు మసకగా ఉండడం ఆ నేత సహజ లక్షణం, కాబట్టి కోసేటప్పుడు బొమ్మ గీతను నమ్మకుండా స్కేలుతో పోగు వెంబడి గీసుకుని కోయండి.

పుట్టపాక తేలియా రుమాలుకు నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టు బూడిద నీళ్లలోను నానబెడతారు. ఆ నూనె వాసన కొంతకాలం గుడ్డలో ఉంటుంది, పక్కనున్న తెల్ల గుడ్డలకు కూడా పట్టుకుంటుంది. విడిగా, నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదనే కలుపుతారు. ఆ కలిపిన గీత మీదుగా కోయవలసి వస్తే, కోయకముందే గీతకు అటూ ఇటూ మిషను కుట్టు వేసుకోండి, లేకపోతే పోగులు విడివడతాయి. నేనైతే అంచును, ఒంటిని వేరు చేసి వేర్వేరు అరల్లో పెడతాను, నూలూ పట్టూ ఉతుకులో ఒకే తీరుగా ఉండవు. నారాయణపేట నూలు చీరల గళ్లు అతుకుల బొంతకు చాలా అందం ఇస్తాయి, ముదురు రంగువి మాత్రం మొదటి రెండు మూడు ఉతుకుల్లో రంగు దిగవచ్చు.

రంగు దిగడం గురించి నా అనుభవం చెప్పాలి. ఒక దుకాణంలో రంగు దిగదని చెబితే నమ్మి, ముదురు ఎరుపు గుడ్డను ఉతకకుండానే తెల్ల ముక్కల పక్కన కుట్టాను. మొదటి ఉతుకులో నలభై తెల్ల ముక్కలు గులాబీ రంగుకు తిరిగాయి. అప్పటినుంచి కొత్త గుడ్డ ఏదైనా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసిన తర్వాతే అలమారలోకి వెళుతుంది. తడి తెల్ల గుడ్డ ముక్కను దాని మీద పరిచి ఇస్త్రీ పెట్టి చూస్తే, తెలుపుకు రంగు అంటుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. అలమారలో ఉన్న గుడ్డ ఉతికిందో ఉతకనిదో గుర్తుండదు కాబట్టి, ఉతికినదానికి ఒక మూల చిన్న కత్తెర గాటు పెట్టడం నా గుర్తు.

దేవరకొండ వైపు లంబాడీ తండాల్లో చేసే అద్దాల పని ముక్కలు మీ దగ్గర ఉంటే వాటిని ఒకదానిపై ఒకటి పేర్చకుండా, మధ్యలో మెత్తని గుడ్డ పెట్టి పరిచి ఉంచండి. వాటిని బొంతకు చేతి కుట్టుతోనే కలపండి, మిషను సూది అద్దం మీద పడితే రెండూ విరుగుతాయి.

సగంలో ఆగిపోయిన బొంతలు నాలుగైదు ఉన్నాయి. వాటిని చూస్తేనే తప్పు చేసినట్టు ఉంటుంది.

ప్రతి దానినీ తెరిచి, అది ఎందుకు ఆగిందో ఒక చీటీ మీద రాయండి. ఈ ఒక్క పని సర్దుడు మొత్తంలో అన్నిటికంటే విలువైనదని నా ఉద్దేశం. నా దగ్గర నాలుగేళ్లు ఆగిన ఒక బొంత ఉండేది. సంచి తెరిచి చూస్తే, పై పొర అంతా పూర్తయింది, ఒక వైపు అంచుకు 14 అంగుళాల నీలం పట్టీ తక్కువ పడింది, అంతే. ఆ నీలం ఎక్కడా దొరకలేదని పక్కన పెట్టి, కారణం మరిచిపోయి, ఆ బొంతే నాకు చేతకాదని అనుకుంటూ వచ్చాను. నాలుగు మూలలా నలుపు ముక్కలు అతికి ఆ వారంలోనే పూర్తి చేశాను.

చీటీలు రాశాక అవి తమంతట తామే విడిపోతాయి. సామగ్రి తక్కువై ఆగినవి ముందు పూర్తవుతాయి. కొలత తప్పి ఆగినవాటిని చిన్నవిగా మార్చవచ్చు: మంచం బొంత కావలసినది ఉయ్యాల బొంత కావచ్చు, దిండు గలీబు కావచ్చు. ఇష్టం పోయి ఆగినవాటిని కుట్లు విప్పి ముక్కలుగా అలమారలో కలిపేయండి. రంగులు నచ్చని బొంతను కేవలం మొదలుపెట్టినందుకు పూర్తి చేయవలసిన అవసరం ఎవరికీ లేదు. ఏది ఉంచినా, ఒక్కోటి ఒక్కో సంచిలో, దాని దారం, దాని అంచు పట్టీ, తర్వాత చేయవలసిన పని రాసిన చీటీ కలిపి ఉంచండి. వాటిలో ఒక్క సంచి మాత్రమే మిషను దగ్గర ఉండాలి.

మిషను ఏడాదికి పైగా వాడలేదు. సర్దేటప్పుడు దానికి ఏం చేయాలి?

ముందు సూది కింది పలకను విప్పి చూడండి. గుడ్డను జరిపే పళ్ల మధ్య, బాబిన్ కేసు చుట్టూ చేరిన పీచు గొంగడి ముక్కలా గట్టిపడి ఉంటుంది. దానిని పాత పళ్ల కుంచెతో, సూది మొనతో తీయండి, నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది. తర్వాత నూనె రంధ్రాలు ఒక్కొక్కదానిలో ఒక్కో చుక్క మిషను నూనె వేసి, దారం లేకుండా రెండు నిమిషాలు తొక్కి, పాత గుడ్డ మీద కుట్టి మిగిలిన నూనెను వదిలించండి. కొబ్బరి నూనె వేయవద్దు, అది చలికి గడ్డకట్టి, కాలక్రమంలో జిగురుగా మారి మిషనును బిగదీస్తుంది. తొక్కే మిషనుకు తోలు బెల్టు సాగి ఉంటే పావు అంగుళం కోసి మళ్లీ కొక్కెం బిగించాలి.

సూది మార్చండి. బొంత పనికి సుమారు ఎనిమిది గంటల కుట్టుకు ఒక సూది చొప్పున మార్చడం మంచిది. మామూలు నూలు అతుకులకు 14 నంబరు, పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు 16 నంబరు సరిపోతాయి. పాత దారాన్ని రెండు చేతులతో లాగి చూసి, సులభంగా తెగితే ఆ రీలును తర్వాత విప్పేసే కచ్చా కుట్టుకు కూడా ఉంచవద్దు, ఎందుకంటే దారం మాటిమాటికీ తెగడం అంత విసుగు పుట్టించేది ఈ పనిలో మరొకటి లేదు.

పురుగు, చెద, వానాకాలపు చెమ్మ నుంచి గుడ్డలను ఎలా కాపాడాలి?

గంజి పెట్టిన చీరలను గంజితోనే దాచవద్దు. వెండి రంగులో పాకే పురుగును (సిల్వర్‌ఫిష్) పిలిచేది ఆ గంజే, ఉతికి గంజి పూర్తిగా వదిలించి ఆరిన తర్వాతే లోపల పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలుస్తుంది, జరీ నల్లబడుతుంది, కాబట్టి ఉతికిన పాత పంచె ముక్కలలో చుట్టండి. సందూకను నాలుగు ఇటుకల మీద ఎత్తి, గోడకు జానెడు దూరంలో ఉంచితే చెద ఎక్కడం కంటికి కనిపిస్తుంది. ఎండిన వేపాకును చిన్న సంచుల్లో కట్టి మూలల్లో పెట్టవచ్చు, గుడ్డకు నేరుగా తగిలితే మరక పడుతుంది.

నాఫ్తలీన్ గోళీల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పసిపిల్లలకు కుట్టే బొంతలు, వాటి గుడ్డలు ఉన్నచోట ఆ గోళీలు పెట్టవద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకు ఆ ఆవిరి వల్ల రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉన్నట్టు చాలాసార్లు ముందుగా తెలియదు. ఇప్పటికే గోళీల వాసన పట్టిన గుడ్డను బాగా ఉతికి, గాలికి ఎండకు కొన్ని రోజులు ఆరేయకుండా పిల్లలకు వాడకండి.

మన వైపు బోరు నీళ్లు చాలా చోట్ల గడుసుగా ఉంటాయి. ఆవిరి ఇస్త్రీ పెట్టెలో ఆ నీళ్లు పోస్తే తెల్లటి పొరలు కట్టి, ఆ పొలుసు మంచి గుడ్డ మీద రాలుతుంది. దానిలో గడుసుతనం తీసిన నీళ్లే (డిస్టిల్డ్ వాటర్) పోయండి.

వెలుతురు, బల్ల ఎత్తు విషయంలో ఏమైనా నియమం ఉందా?

కుడిచేతి వాటం వాళ్లకు వెలుతురు ఎడమ వైపు నుంచి పడాలి. కూర్చుని కుట్టే బల్ల 28 నుంచి 30 అంగుళాలు, నిలబడి కోసే బల్ల సుమారు 36 అంగుళాల ఎత్తు ఉంటే నడుము నొప్పి తగ్గుతుంది. కోసే బల్ల లేనివాళ్లు వంటింటి గట్టును బాగా తుడిచి, దుప్పటి పరిచి వాడుకోవచ్చు, నేల మీద వంగి కోయడం మాత్రం మానండి. కిటికీ ఎండ అలమార మీద పడకుండా చూసుకోండి, రంగులు ఒక్క వేసవిలోనే వెలుస్తాయి.

ఇంట్లోవాళ్లు "దుకాణంలో రగ్గు దొరుకుతుంది కదా, ఇంత పాత గుడ్డ ఎందుకు దాస్తావు" అంటారు. ఏం చెప్పాలి?

వాదించడం కంటే, కుప్పను ఒక హద్దులో పెట్టడం మంచి జవాబు. ఒక అలమార, ఒక సందూక మీవి, అంతకు మించి ఒక్క మూట కూడా మంచం కిందికి, సజ్జ మీదికి పోదని చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. వాళ్లను ఇబ్బంది పెట్టేది బొంత కాదు, దాని కోసం పరుచుకున్న చోటు. అటుపైన అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఏ చీర ఎప్పటిదో అడగండి. మా ఇంట్లో అలా అడిగిన రోజు నుంచి దారం ఎక్కించి ఇచ్చే పని ఆమే తీసుకుంది, వేలికి సూది గుచ్చుకోకుండా అంగుస్తాను తొడుక్కుని అంచు కుట్టి చూపించింది కూడా.

సర్దడం అయిపోయింది. మొదట ఏది కుట్టాలి?

చీటీ రాసి పెట్టిన సంచుల్లో అన్నిటికంటే తక్కువ పని మిగిలినది తీసుకోండి. అటువంటిది లేకపోతే ఉయ్యాల బొంతతో మొదలుపెట్టండి. 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు ఉన్నదానికి, కుట్టిన తర్వాత 5 అంగుళాలు కనిపించే చదరాలు వెడల్పుకు 6, పొడవుకు 8, మొత్తం 48 కావాలి. ఒక్కొక్కటి అయిదున్నర అంగుళాలకు కోయాలి. 44 అంగుళాల వెడల్పు ఉన్న గుడ్డ నుంచి ఒక పట్టీకి 8 చదరాలు వస్తాయి, అంటే ఆరు పట్టీలు, పొడవుకు 33 అంగుళాలు, ఒక గజం లోపే. ఆరు రంగుల జాకెటు ముక్కల నుంచి ఎనిమిదేసి కోసుకుంటే కొత్త గుడ్డ కొనవలసిన పని కూడా లేదు. అతుకులకు అంగుళానికి 10 కుట్లు, పొరలు కలిపేటప్పుడు 7 లేదా 8 కుట్లు పడేటట్టు మిషను సరిచేసుకోండి. కలిపే ముందు పొరలన్నిటికీ జానెడు దూరంలో కచ్చా కుట్టు వేయడం మాత్రం మానవద్దు, అది మానితే కింది పొర ముడతలు పడి మళ్లీ ఒక బొంత సగంలో ఆగుతుంది.

48 చదరాలనూ ఒకే రోజు కోసి, వరుసల వారీగా పేర్చి, ఒక్కో వరుసకు గుండుసూది గుచ్చి ఉంచండి. రోజుకు ఒక వరుస చొప్పున ఎనిమిది రోజుల్లో పై పొర పూర్తవుతుంది.

నెల తిరిగేసరికి గది మళ్లీ చెదిరిపోతే?

పని జరుగుతున్న గది చెదురుతుంది, దానికి బాధపడనవసరం లేదు. నేను రోజూ లేచే ముందు చేసేవి మూడు: బాబిన్‌లో దారం నింపడం, రేపు కుట్టబోయే రెండు ముక్కలను గుండుసూదితో కలిపి మిషను పాదం కింద పెట్టడం, కత్తెరను దాని మేకుకు తగిలించడం. అయిదు నిమిషాలు కూడా పట్టదు. పాదం కింద ముక్కలు సిద్ధంగా ఉంటే మరుసటి రోజు ఏం చేయాలో ఆలోచించకుండానే కాలు తొక్కుడు పలక మీదికి పోతుంది. అలమార అరలను మాత్రం బతుకమ్మ పండుగ ముందు ఒకసారి, ఎండలు ముదిరిన తర్వాత ఒకసారి పూర్తిగా దులిపి, చీరల మడతలు మార్చుకుంటే చాలు.

మిగిలిపోయిన గుడ్డలను ఎవరికి ఇవ్వాలి?

కుట్టు నేర్చుకుంటున్న ఆడపిల్లలకు ఇవ్వండి, నేర్చుకునేటప్పుడు పాడుచేయడానికి గుడ్డ కావాలి. మీ ఊరి టైలరును అడిగితే అలాంటివాళ్లు ఎవరో చెబుతారు. ఇచ్చే ముందు ఉతికి, గుండుసూదులు మిగలకుండా తడిమి చూసి, నూలువి ఒక మూట, మిగతావి ఒక మూట కట్టి ఇవ్వండి. ఇద్దామని పక్కన పెట్టిన మూట వారం దాటి గుమ్మం దగ్గరే ఉంటే మళ్లీ అలమారలోకే వస్తుంది, కాబట్టి కట్టిన రోజే చేర్చేయండి.